కాకులు నల్లనివి

కోప్పడేవాళ్ళంటే నాకు భయం లేదు, వాళ్ళతో పోట్లాడవచ్చు. జాలిపడేవాళ్ళతోనే చిక్కు. మా ప్రొఫెసర్ కొండలరావుగారు పందొమ్మిదివందల అరవై ఎనిమిదిలో తెలుగులో చదివే పిల్లల మీద జాలిపడ్డారు.

డిగ్రీ పరీక్షలు తెలుగులో కూడా రాయనివ్వాలని అప్పుడప్పుడే మాట నడుస్తోంది. దాంతో మా ఫిలాసఫీ శాఖలో బి.ఏ. నిబంధనలు తిరగరాయవలసి వచ్చింది. ఏ పేపర్లు అందరూ చదివి తీరాలి, ఏవి ఇష్టమైనవాళ్ళు చదవాలి, ఎన్ని తప్పితే ఏడాది పోతుంది, ఇవన్నీ. కొండలరావుగారు చిత్తుప్రతి ఒకటి తయారుచేసి నా బల్ల మీద పెట్టారు. శాఖలో అందరికన్నా చిన్న లెక్చరర్ని నేను. గోదావరి జిల్లా నుంచి వచ్చినదాన్ని కనుక తెలుగు నాకు బాగా వచ్చని ఆయన నమ్మకం. తెలుగు వచ్చని నాక్కూడా నమ్మకమే. ఆ నమ్మకం ఏమైందో చెప్పడానికే ఇదంతా.

ఆ చిత్తుప్రతిలో ఒక వాక్యం దగ్గర నా చూపు ఆగిపోయింది. తెలుగులో పరీక్ష రాసేవాళ్ళకు లాజిక్ పేపరు ఉండదు, దాని బదులు నీతిశాస్త్రంలో ఇంకో పేపరు ఉంటుంది.

ఆ కాగితం పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. "లాజిక్ లేకుండా ఫిలాసఫీ డిగ్రీ ఏమిటండీ? ఉప్పు లేకుండా ఆవకాయ పెడతామన్నట్టుంది."

"ఇంగ్లీషులో చెబితేనే సగంమంది తప్పుతున్నారమ్మా. తెలుగులో అది అసలు కుదరదు. పాపం, పల్లెల నుంచి వచ్చిన పిల్లలు. వాళ్ళనెందుకు ఏడిపించడం?"

"ఎం.ఏ.లో చేరాలంటే బి.ఏ.లో లాజిక్ పాసై ఉండాలి కదండీ. మరి వీళ్ళ గతి?"

"వీళ్ళలో ఎం.ఏ. దాకా వచ్చేదెవరు, కామాక్షీ?"

ఆయన ఈ మాట ఎకసెక్కంగా అనలేదు. నిజంగానే అడిగారు. ముప్ఫై ఏళ్ళుగా లాజిక్ చెబుతున్న మనిషి, తప్పిన ప్రతి కుర్రాడూ తన తప్పేనని బాధపడే మనిషి. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది. అయితే ఆయన న్యాయం తప్పలేదు. "నువ్వే ఒక అధ్యాయం తెనిగించు. తెలుగులో చదవాలనుకునే పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పు. పరీక్ష పెట్టు. వాళ్ళు నిలబడితే నిబంధనలు ఖాయంచేసే బోర్డులో ఆ వాక్యం నేనే కొట్టేస్తాను" అన్నారు.

ఆయన 'ఎవరు' అని అడిగినప్పుడు నా మనసులో పేరుతో సహా జవాబుంది. భూదేవి.

భూదేవి జనగామ వైపు వ్యవసాయదారుల పిల్ల. అన్న గట్టయ్య రైల్వేలో పనిచేస్తాడు. మెట్టుగూడలో అతని క్వార్టర్లోనే ఉండి బి.ఏ. మొదటి సంవత్సరం చదువుతోంది. ఇంగ్లీషు వాక్యం చదవాలంటే ముళ్ళకంప దాటినట్టు ఒక్కొక్క మాటే చూసుకుంటూ దాటుతుంది. సాయంత్రాలు తార్నాకలో మా ఇంటికి వచ్చి పాఠం మళ్ళీ చెప్పించుకునేది. మొదట్లో నాకు విసుగ్గానే ఉండేది. ఒకరోజు, ఇంత కష్టపడి ఈ లాజిక్కే ఎందుకు పట్టుకున్నావని అడిగేశాను.

"మొదటిరోజు మీరు రెండు మాటలు చెప్పిన్రు మేడమ్" అంది భూదేవి. "మనుషులందరు చచ్చిపోతరన్నరు. ఫలానా ఆయన మనిషన్నరు. ఇగ మూడోది మీరు చెప్పకముందే నాకు తెలిసింది. ఎవ్వరు చెప్పలె. అదే వచ్చి నిలవడ్డది. నాకు ఒళ్ళు జలదరించింది."

"అదేముంది, అందరికీ తెలుస్తుంది."

"అందరికి తెలుస్తదనే గద మేడమ్. మా దిక్కు ఏదన్న నిజమా అబద్ధమా అంటె పటేలు చెప్పాలె, లేకుంటె మా పెద్దనాయిన చెప్పాలె. గీడ ఎవ్వరు చెప్పేది లేదు. నాకు నేనే తెలుసుకోవచ్చు. గసొంటిది ఒకటి ఉన్నదనే నాకు తెల్వది."

నేను ఆ రెండు వాక్యాలూ ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. ఎప్పుడూ నా ఒళ్ళు జలదరించలేదు. ఆ రోజు ఆ పిల్ల ముఖం చూసి నాకు కొంచెం సిగ్గు, కొంచెం అసూయ కలిగాయి. అప్పటినుంచి విసుక్కోవడం మానేశాను.

గట్టయ్య మాత్రం చిత్తుప్రతి సంగతి విని సంతోషించాడు. చెల్లెల్ని తీసుకుపోవడానికి వచ్చి మా గుమ్మంలో నిలబడి, "ఆ మొండి సబ్జెక్టు తీసేస్తున్నరట గద మేడమ్. మంచిదే. డిగ్రీ అయితె చాలు మాకు" అన్నాడు.

"ఎం.ఏ. చదవొద్దా మరి?"

"నేను చదువుతనే" అంది భూదేవి అన్నకేసి చూడకుండా. "చదివి గీ పాఠం నేను చెప్త."

గట్టయ్య నవ్వి ఊరుకున్నాడు. అతనికి చెల్లెలంటే ప్రాణం. కాదనడం అతనివల్ల కాదు, కానీ నిబంధనలో లేని పేపరు చెల్లెలికి తెచ్చిపెట్టడం కూడా అతనివల్ల కాదు. అది నా పనయింది.

తెనిగించడం మొదలుపెట్టాను. పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది: ప్రతి ప్రతిపాదనకూ, అంటే ఏదైనా ఒక సంగతి చెప్పే వాక్యానికి, మూడు భాగాలు. దేన్ని గురించి చెబుతున్నామో అది ఒకటి, ఏం చెబుతున్నామో అది ఒకటి, ఆ రెంటినీ కలిపే 'ఇజ్' అనే లంకె ఒకటి. లంకె లేనిదే ప్రతిపాదన లేదు. శాస్త్రం కదా, ఒక్క మాట కూడా జారనివ్వకూడదని నేను ఆ 'ఇజ్'ని ఎక్కడికక్కడ తెలుగులో దింపాను. మనుష్యులందరూ మర్త్యులు అయి ఉన్నారు. కాకులన్నీ నల్లనివి అయి ఉన్నవి. ఈ పక్షి కాకి అయి ఉన్నది. చదువుకుంటుంటే వంటింట్లోంచి మా అమ్మ, "ఏమిటే, కోర్టులో వాంగ్మూలం చదువుతున్నావా?" అంది. శాస్త్రం అలాగే ఉంటుందమ్మా అని గొప్పగా చెప్పాను.

తెలుగులో రాస్తామన్న పిల్లల్ని ఆర్ట్స్ కాలేజీలో ఒక గదిలో కూర్చోబెట్టి వారం పాటు పాఠం చెప్పి పరీక్ష పెట్టాను. ప్రశ్నలు సులువే. రెండు వాక్యాలిచ్చి, వాటినుంచి ఏం తేలుతుందో రాయమన్నాను. కాకులన్నీ నల్లనివి అయి ఉన్నవి. ఈ పక్షి కాకి అయి ఉన్నది. కాబట్టి?

జవాబులు దిద్దుతుంటే నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. ఈ పక్షి ఇప్పుడు నల్లగా ఉన్నది, మునుపు ఏ రంగులో ఉండెనో తెలియదు అని ఒకడు రాశాడు. కాకులు మొదట తెల్లనివని దీనివలన తెలియుచున్నది అని ఇంకొకడు. ములుగు నుంచి వచ్చిన మొగిలి అనే కుర్రాడు, మనుష్యులందరూ మర్త్యులు అయి ఉన్నారనగా అందరూ చనిపోయి ఉన్నారని అర్థము, మరి ఈ ప్రశ్నపత్రము ఎవరు రాసినారు అని నన్నే అడిగాడు. భూదేవి కాగితం చివరికి దాచుకున్నాను. తీసి చూస్తే, ఈ పక్షి మునుపు కాకి కాదు అని ఉంది.

కొండలరావుగారు అవన్నీ చదివి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "చూశావా అమ్మా. వాళ్ళ తప్పు కాదు. ఆ భాషకు ఆ కట్టుబాటు లేదు" అన్నారు. బోర్డు సమావేశం శుక్రవారం ఉందని గుర్తుచేశారు.

ఆ సాయంత్రం భూదేవి వచ్చేసరికి నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. "మొగిలి అంటే వేళాకోళం మనిషి. నువ్వు కూడానా? పక్షి మునుపు కాకి కాదా? మరి ఏమిటి, నెమలా?" అని అరిచాను.

ఆమె బెదరలేదు. "మీరే రాసిన్రు గద మేడమ్, కాకి అయి ఉన్నది అని. అయి ఉన్నదంటె అయిందని గద. మా అన్న రైల్వేల పర్మినెంటు అయి ఉన్నడంటె మునుపు కానట్టె గద. కాకముందు ఇంకోటి ఏదన్న ఉంటెనే అయితది. లేకుంటె అయ్యేదేంది?"

"అయితే 'ఇది కాకి' అనే సంగతి నువ్వెలా చెప్తావు?"

"ఇది కాకి."

"మధ్యలో ఏం వస్తుంది?"

"నడుమ ఏమొస్తది మేడమ్? ఇది. కాకి. అంతే."

కాసేపటికి ఆమెను బస్సెక్కించడానికి తార్నాక చౌరస్తా దాకా వెళ్ళాను. బస్సు వచ్చేముందు భూదేవి నెమ్మదిగా, "నా కాగితం వల్లనే లాజిక్ పోతదా మేడమ్?" అని అడిగింది. "పోతె ఇగ నేను మళ్ళ ఎవ్వరో చెప్పింది వినేదాన్నే అయిత."

ధైర్యం చెప్పాలని ఉంది, కానీ అబద్ధమాడాలనిపించలేదు. బస్సు వెళ్ళిపోయాక ఇంటికి పోబుద్ధి కాక, యూనివర్సిటీ రోడ్డు పట్టుకుని నడిచాను. పొద్దు వాలుతోంది. రోడ్డు పక్క బండరాళ్ళ మీద ఎండ ఇంకా ఉంది. నాలో నేనే వాక్యాలు చెప్పుకుంటూ వెళ్తున్నాను, ఎదురొచ్చినవాళ్ళు ఏమనుకున్నారో మరి. ఇది రాయి. అది చెట్టు. నేను కామాక్షిని. కాకులు నల్లనివి. ప్రతి వాక్యంలోనూ ఆ మూడో ముక్క కోసం వెతికాను. ఎక్కడా లేదు. అయినా వాక్యం చక్కగా నిలబడే ఉంది.

సరే, కాదని చెప్పి చూద్దామనుకున్నాను. ఇది రాయి కాదు. అక్కడ నాకు కాలు కదల్లేదు. ఇప్పుడు మాట వచ్చింది. అవునన్నప్పుడు లేని మాట, కాదన్నప్పుడు వచ్చి కూర్చుంది. ఇంకోటి అని చూశాను. ఇక్కడ రాయి లేదు. ఇది మళ్ళీ వేరే మాట. రాయి కాకపోవడం వేరు, రాయి లేకపోవడం వేరు. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకటే 'ఇజ్ నాట్'. ఆ ఒక్క మాటలో కలిసిపోయిన రెండు సంగతుల్ని విడదీయడానికి తెల్లవాళ్ళు లావుపాటి పుస్తకాలు రాశారు. వాటిని నేను ఎం.ఏ.లో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. మా అమ్మ పప్పుడబ్బా తెరిచి 'ఇది కందిపప్పు కాదు', 'కందిపప్పు లేదు' అని రోజుకోసారి విడదీస్తూనే ఉంది. నేను వింటూనే ఉన్నాను.

ఉన్నదానికి ఒక మాట ఉంది. లేనిదానికి ఒక మాట ఉంది. కానిదానికి ఒక మాట ఉంది. ఏది ఏమిటో చెప్పడానికి మాత్రం మాటే లేదు. రెండు పేర్లు పక్కపక్కన పెట్టి ఊరుకుంటే అవి వాటంతట అవే ఒకటవుతాయి. పుట్టినప్పటినుంచీ నా నోట్లో ఉన్న భాష ఇది. దాని లోపల ఇంత చోటుందని నాకు తెలియదు. ఆ రోడ్డు మీద నిలబడి నేను ఏడ్చాను. బాధతో కాదు. అంత పెద్దదాన్ని అంత దగ్గరగా చూస్తే ఇంకేం చేయాలో తోచలేదు.

శుక్రవారం బోర్డులో మేము కొద్దిమందిమే. కొండలరావుగారు అధ్యక్షులు. నేను, ఇంకో ఇద్దరు లెక్చరర్లు. బయటి సభ్యుడిగా వెంకటేశంగారు, పదవీ విరమణ చేసిన పాత ప్రిన్సిపాలు. చదువంతా ఇక్కడే, ఉర్దూ మీడియం రోజుల్లో. నాలుగు గుండీలు పెట్టిన నల్ల షేర్వాణీ ఎండాకాలంలోనూ వదలరు. సమావేశంలో తేలింది రాసుకోవడానికి ఆఫీసు నుంచి గుమాస్తా వీరస్వామి వచ్చాడు.

నేను లేచి జరిగింది చెప్పాను. పిల్లలు తప్పలేదు, నేను రాసిన తెలుగు తప్పింది, ఆ తెలుగు నుంచి ఏం తేలుతుందో వాళ్ళు సరిగ్గా అదే తేల్చారు అన్నాను. లంకె తీసేసి చెబితే తెలుగులో లాజిక్ నిలబడుతుంది అన్నాను.

కొండలరావుగారు అడ్డంగా తల ఊపారు. "లంకె తీసేస్తే ఇంకేం మిగులుతుందమ్మా? కాకులు, నల్లనివి. రెండు పేర్లు. రెండు పేర్లు పక్కన పెడితే అది జాబితా అవుతుంది, ప్రతిపాదన ఎలా అవుతుంది? శాస్త్రానికి పునాదే పోతుంది."

రోడ్డు మీద అంత స్పష్టంగా కనిపించింది ఆ బల్ల దగ్గర చెప్పబోతే అందలేదు. భూదేవి పని అయిపోయిందనుకున్నాను.

వెంకటేశంగారు గొంతు సవరించుకున్నారు. "ఒక్క మాట, ప్రొఫెసర్ సాబ్. మేం గీడ మంతిక్ చదివినం. మీరు లాజిక్ అంటరు, మేం మంతిక్ అన్నం. ఉర్దూల చదివినం."

"ఉర్దూలో 'ఇజ్'కి బదులు 'హై' ఉంది కదండీ" అన్నారు కొండలరావుగారు.

"ఉర్దూల ఉన్నది. గని మా మౌల్వీ సాబ్ మాకు చెప్పింది అరబ్బీ కితాబుల నుంచి. అరబ్బీల 'జైదున్ ఆలిమున్' అంటరు. జైద్, విద్వాంసుడు. అంతే. నడుమ ఏం లేదు." ఆయన రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి చూపించారు. "ఆ నడుమ ఏం లేనిదాన్ని పట్టుకోని వాళ్ళు వందల ఏండ్లు వాదాలు పెట్టుకున్నరు, బహస్ చేసిన్రు. మంతిక్ ఆగలె. ఇంకింత ముందుకు నడిచింది. మా రోజులల్ల గూడ గిదే పరేషాన్, దేశభాషల ఫల్సఫా, అదే మీ ఫిలాసఫీ, అయితదా అని. అయింది గద సాబ్. నేను మీ ముంగట కూసున్న."

అరబ్బు దేశంలో ఎప్పుడో కూర్చున్న పెద్దలు, ఈ షేర్వాణీ పెద్దాయన, మెట్టుగూడ క్వార్టర్లో ఉండే ఒక పిల్ల, అందరూ ఒకే చోట ఆగి ఒకే ఖాళీని చూశారు. 'నడుమ' అనే మాట కూడా అదే. నా చేతుల మీద రోమాలు లేచాయి.

కొండలరావుగారు లేచి, బల్ల చుట్టూ తిరిగి నల్లబోర్డు దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసుకున్నారు. ఆయన వాదించబోతున్నారనుకున్నాను. ఆయన తెలుగులో రాయడం నేను చూడటం అదే మొదలు. అక్షరాలు చిన్నపిల్లల అక్షరాల్లా గుండ్రంగా ఉన్నాయి.

మనుషులందరూ చనిపోయేవాళ్ళు, అని రాశారు.

రెండో వాక్యానికి చెయ్యెత్తి ఆగారు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ లాజిక్ పుస్తకాల్లో ఉదాహరణకు వచ్చే ఆ గ్రీకు పెద్దమనిషి పేరే రాసేవారు. తెలుగు వాక్యంలో అది ఆయన చేతికి రాలేదు కాబోలు, కాసేపు చూసి తన పేరు రాశారు.

కొండలరావు మనిషి.

మూడోది ఆయన రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. సుద్దముక్క పట్టుకుని ఆ రెండు వాక్యాలకేసి అలా చూస్తూ ఉండిపోయారు. మాలో ఎవరమూ చెప్పలేదు. అది వచ్చి ఆ గదిలో నిలబడింది. మేమందరం దాన్ని చూశాం, చూడనట్టు బల్లకేసి తలలు దించుకున్నాం.

"ప్రతి ఏడూ ఆ గ్రీకాయనే చచ్చిపోయేవాడు" అన్నారు కొండలరావుగారు, మా వైపు తిరక్కుండా. "ముప్ఫై ఏళ్ళు. నా దాకా ఎప్పుడూ రాలేదు."

ఆయన గొంతులో దిగులు లేదు. గుడిలో గర్భగుడి తలుపు తీసినప్పుడు మాట్లాడే గొంతు అది. కొంచెంసేపటికి బల్ల దగ్గరికి వచ్చి చిత్తుప్రతిలో ఆ వాక్యం మీద పెన్నుతో గీత గీశారు. గీసి మళ్ళీ నల్లబోర్డు దగ్గరికే వెళ్ళి నిలబడ్డారు.

వీరస్వామి కాస్త ఆగి, తన పని తాను చేసుకోవాలి కనుక అడిగాడు. "సార్, నిబంధనలు తెలుగుల గూడ అచ్చు వేయాలన్నరు. లాజిక్ పేపరు కంపల్సరీ అని గద. కంపల్సరీకి తెలుగుల ఏం రాయాలె?"

"తప్పనిసరి" అన్నారు కొండలరావుగారు.

"ఎవరికి సార్? ఇంగ్లీషుల రాసేటోళ్ళకా, తెలుగుల రాసేటోళ్ళకా?"

ఆయన బోర్డు మీద తన పేరు చూస్తూనే ఉన్నారు.

"అందరికీ."

వీరస్వామి రాసుకున్నాడు. భూదేవి బయట మెట్ల మీద కూర్చుని ఉంది. ఆ ఒక్క మాట చెప్పడానికి నేను సెలవైనా అడక్కుండా లేచి వెళ్ళాను.